ఎసట్లో పడని గుప్పెడు

మొన్న సామర్లకోటలో మా పాత గుడి పడగొట్టి కట్టిన కొత్త గుడి ప్రతిష్ఠకి నన్ను కూడా పిలిచారు. నున్నటి రాళ్ళు పరిచారు, కాలు జారుతుందేమోనని కోడలి చెయ్యి పట్టుకునే నడిచాను. గుమ్మం పక్కన గోడకి ఒక నల్లరాతి పలక, దాని మీద బంగారు రంగు అక్షరాలతో ఇచ్చినవాళ్ళ పేర్లు. పాస్టరుగారు కుర్రాడే, మంచివాడు. మీరు ఇక్కడ పుట్టి పెరిగినవారు కదమ్మా, మీ అమ్మగారిలాంటి పాత విశ్వాసుల గురించి రెండు ముక్కలు చెప్పండి అన్నాడు. మైకు పట్టుకుని ఏదో గొణిగి దిగిపోయాను. ఇన్నేళ్ళు బళ్ళో పిల్లలకి పాఠాలు చెప్పినదాన్ని, నోరు రాక కాదు. మా అమ్మ గురించి చెప్పాలంటే గుడి కంటే ముందు వంటింటి గురించీ, పిట్టగోడ గురించీ, గేదె కుడితి తొట్టి గురించీ చెప్పాలి. అంత పట్టుచీరల మధ్య నిలబడి కుడితి మాట ఏం ఎత్తుతాం? ఇంటికొచ్చాక మాత్రం ఆ చెప్పని మాట నన్ను నిద్రపోనివ్వలేదు. అందుకే కాగితం ముందేసుకున్నాను.

మా నాన్న రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. పట్టాలకి అవతల వరసగా కట్టిన చిన్న క్వార్టర్సులో మాది చివరి నుంచి రెండోది. ఒక గది, వంటిల్లు, వెనక కాస్త పెరడు, ఇంటికీ ఇంటికీ మధ్య నడుమెత్తు పిట్టగోడ. వరసంతటికీ ఒకటే కుళాయి. గాలి ఒకవైపు తిరిగితే ఇంజన్ల బొగ్గుపొగ, ఇంకోవైపు తిరిగితే పంచదార ఫ్యాక్టరీ మడ్డి వాసన. కొత్తగా వచ్చినవాళ్ళు ముక్కు మూసుకునేవారు, మాకేమో సెలవులకి అమ్మమ్మగారి ఊరు వెళితే ఆ వాసన లేక తోచేది కాదు. ఆరేసిన బట్టల మీద బొగ్గు నలుసులు పడ్డప్పుడల్లా అమ్మ ఇంజను డ్రైవర్లందర్నీ పేరుపేరునా తిట్టేది, ఆ వెంటనే నాలిక కరుచుకునేది. ఎవర్నీ తిట్టకూడదని మాకు చెప్పేది ఆవిడే కదా మరి.

అమ్మ పేరు దీనమ్మ. చదువు అంతంతమాత్రం, కూడబలుక్కుని బైబిలు వాక్యం చదువుకునేది. ప్రార్థనకి ఆవిడకి వేళా పాళా ఉండేది కాదు. పాలు పిండుతూ చేసేది, రుబ్బురోలు దగ్గర చేసేది, చీపురు పట్టుకుని సగం వాకిలి ఊడ్చి ఆగిపోయిందంటే ఎవరో గుర్తొచ్చారన్నమాట. సాయంత్రం దీపం పెట్టాక చాప పరిచి కుటుంబ ప్రార్థన ఉండేది. పాట ఎత్తుకునేది నాన్న. ఆయన గొంతు పెద్దది, రాగం తక్కువ. మధ్యలో గూడ్సు బండి వెళితే అది వెళ్ళేదాకా ఆగి, ఆపిన చోటు నుంచే మళ్ళీ ఎత్తుకునేవాడు. నేనూ తమ్ముడూ నవ్వు ఆపుకోలేక చచ్చేవాళ్ళం. అమ్మ కళ్ళు మూసుకునే నా తొడ మీద గిల్లేది, ఎవరు నవ్వుతున్నారో ఆవిడకి చూడకుండానే తెలిసిపోయేది.

వీటన్నిటికంటే అమ్మకి ముఖ్యం పిడికెడు బియ్యం. ఇది మా సంఘంలో ఆడవాళ్ళందరూ చేసేదే. పూటపూటా వంటకి బియ్యం తీశాక, కడగడానికి ముందు, అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కన చిన్న కుండలో వేస్తారు. ఇంక అది దేవుడిది, ఇంటివాళ్ళు ముట్టరు. ఆదివారం దాన్ని గుడ్డసంచిలో పోసి గుడికి పట్టుకెళ్ళి, ముందు పెట్టిన గంపలో పోస్తారు. అయ్యగారి కుటుంబం, అంటే మా పాస్టరుగారి కుటుంబం, ఆ బియ్యంతోనే గడిచేది. అమ్మ ఆ పిడికెడు తీసేటప్పుడు ఎవరిదో ఒకరి పేరు తలుచుకునేది. ఇవాళ ఎవరే అని అడిగితే ఒక్కోసారి చెప్పేది, ఒక్కోసారి నీకెందుకనేది. ఇంట్లో బియ్యం అడుగంటిన రోజు కూడా ఆ పిడికెడు తగ్గేది కాదు. తగ్గితే మా కంచాల్లో తగ్గేది. నాకప్పుడు పదేళ్ళు, ఆకలి ఎక్కువ, కోపం అంతకంటే ఎక్కువ. దేవుడికేం ఆకలేస్తుందా అని సణిగితే, ఆయనకి వెయ్యదు గానీ ఆయన పిల్లలకి వేస్తుంది అని అమ్మ కూర కలుపుతూనే చెప్పేది.

చివరి క్వార్టర్లో పార్సిల్ ఆఫీసు గుమాస్తా సూర్యంగారు ఉండేవారు. ఆయన, భార్య, నాలుగేళ్ళ కూతురు లలిత, ఆయన తల్లి. ఆ పెద్దావిడని వరసంతా మామ్మగారనే పిలిచేది. కోనసీమ నుంచి వచ్చిన బ్రాహ్మలు. మామ్మగారు తెల్లచీర కొంగు నెత్తి మీదుగా కప్పుకుని, ఇంకా మేమెవరమూ కుళాయి ముట్టుకోకముందే తెల్లారుజామున మడినీళ్ళు పట్టుకుని వెళ్ళిపోయేది. మా గేదె పాలు మాత్రం ఆవిడకి అభ్యంతరం లేదు. చెంబు తెచ్చి పిట్టగోడ మీద పెట్టి పక్కకి తప్పుకునేది. అమ్మ చెంబుకి చెయ్యి తగలకుండా పైనుంచి పోసేది. మామ్మగారు బియ్యం కడిగిన నీళ్ళు, మా వైపు కడుగు అంటాం, రోజూ బకెట్లో తెచ్చి గోడ మీంచి మా కుడితి తొట్టిలో పోసేది. చిక్కటి తెల్లటి కడుగు, గేదెకి పంచప్రాణాలూ అందులోనే. అలా దూరంగా పోయించుకోవడం అవమానం కాదా అంటే, నాకు అవమానంగానే ఉండేది, ఇప్పటికీ తలుచుకుంటే ఉంటుంది. అమ్మ మాత్రం, ఆవిడ అలా పెరిగింది, నీతో నవ్వుతూ మాట్లాడుతుందా లేదా చెప్పు అనేది. మాట్లాడేది, నిజమే. నా తలలో పేలున్నాయని గోడ అవతల నుంచే కనిపెట్టి వేపనూనె రాయమని చెప్పింది ఆవిడే.

అయితే మాకూ ఒక పట్టు ఉండేది. చవితికి ఉండ్రాళ్ళు, శనివారాలు పులిహోర, మామ్మగారు ఆకులో పెట్టి గోడ మీద ఉంచి పిలిచేది. అమ్మ చేతులు జోడించి, వద్దండి, మేము ప్రసాదం పుచ్చుకోమండి అనేది. పులిహోర పోపు వాసనకి నా నోట్లో నీళ్ళూరేవి. ఇంకో దేవుడికి పెట్టింది తినకూడదని గుళ్ళో చెప్పేవారు, అమ్మ దాన్ని తు.చ. తప్పకుండా పాటించేది. మామ్మగారు ఒకటి రెండుసార్లు చూసి ఇంక పిలవడం మానేసింది. ముఖం మాత్రం ముడుచుకోలేదు. నీ దగ్గర మడి ఉందే దీనమ్మా, మాకు తెలీని మడి అని నవ్వింది ఒకసారి. అమ్మకి ఆ మాట నచ్చింది, నాన్నకి చెప్పుకుని మురిసిపోయింది.

ఇలా ఉండగా సూర్యంగారికి పచ్చకామెర్లు వచ్చాయి. ముదిరిపోయి కాకినాడ పెద్దాసుపత్రిలో పెట్టారు. భార్య ఆయన దగ్గర ఉండిపోయింది, ఇంట్లో మామ్మగారూ లలితా మిగిలారు. ఉన్న సెలవంతా అయిపోయింది, జీతం ఆగింది. ఈ సంగతులేవీ మామ్మగారు ఎవరితోనూ అనలేదు. ఎలా ఉన్నారండీ అంటే భగవంతుడి దయ అనేది. పాలు మానేసింది, లలితకి దగ్గు, పాలు పడటం లేదు అంది. అమ్మ నమ్మింది. కానీ ఒకరోజు పొద్దున్న మామ్మగారు ఎప్పటిలాగే బకెట్టు తెచ్చి తొట్టిలో వంచి వెళ్ళాక, గేదె మూతి పెట్టి తీసేసింది. అమ్మ వెళ్ళి తొట్టిలో చెయ్యి పెట్టి చూసింది. ఉత్త నీళ్ళు. మర్నాడూ ఉత్త నీళ్ళే. ఇంట్లో బియ్యం కడిగినట్టు వరసకి కనపడాలని ఆవిడ కుళాయి నీళ్ళు మోసుకొచ్చి పోస్తోంది. అమ్మ ఆ తొట్టి పక్కనే కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడవడం నేను చూశాను. ఎవరికైనా చెప్పావంటే నీ వీపు విమానం మోత మోగిస్తానంది నాతో.

శనివారం వచ్చింది. అమ్మ పిడికెడు బియ్యం కుండ దించి, ఉన్నదంతా పళ్ళెంలో పోసి గోడ దగ్గరకి వెళ్ళింది. నేను గేదెకి గడ్డి వేస్తూ అక్కడే ఉన్నాను. ఊరికే ఇస్తే మామ్మగారు ముష్టి అనుకుంటుందని అమ్మ భయం. అందుకని ముందే బాగా ఆలోచించుకుని, ఇవి మావి కావండి మామ్మగారూ, దేవుడికని తీసి పెట్టినవి, మేము తినం, మీరు పుచ్చుకోండి అంది. మావి కాదంటే ఆవిడకి చిన్నతనం ఉండదని అమ్మ లెక్క. ఆ లెక్క తప్పింది. మామ్మగారు పళ్ళెం వైపు చూసింది, అమ్మ వైపు చూసింది. లోపల లలిత ఏదో అడుగుతూ రాగం తీస్తోంది.

"దేవుడి బియ్యం అన్నావు. మా దేవుడికి పెట్టింది ఇన్నాళ్ళూ నువ్వు పుచ్చుకోలేదు. నేను తప్పు పట్టలేదు, నీ పట్టు నీది. మరి మీ దేవుడివి నన్ను పుచ్చుకోమంటే ఎలా పుచ్చుకోనే దీనమ్మా?"

కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. అమ్మ పళ్ళెం పట్టుకుని వెనక్కి వచ్చేసింది. ఆ పూట మాకు వండింది గానీ తను తినలేదు. నేను అన్నం కలుపుకుంటుంటే గోడ అవతల లలిత ఏడుపు వినపడుతోంది, నేనూ కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి చెయ్యి కడుక్కున్నాను. సాయంత్రం ప్రార్థన అయ్యాక అమ్మ నాన్నకి అంతా చెప్పి, రేపు ఆవిడ ప్రసాదం పెడితే తింటాను అంది. నాన్న అప్పుడు సంఘంలో పెద్ద. భార్య ప్రసాదం తిన్నదని తెలిస్తే ఏమవుతుందో ఆయనకి బాగా తెలుసు, ఆవిడకీ తెలుసు. చాపకొస గిల్లుకున్నాడు. చివరికి, నేను తినమని చెప్పలేను, వద్దనీ అనలేను, గుళ్ళో అడిగితే మాత్రం అబద్ధం ఆడకు అన్నాడు. అమ్మ తలూపింది.

మర్నాడు గుడికి వెళ్ళేముందు అమ్మ మళ్ళీ గోడ దగ్గరకి పళ్ళెం తీసుకెళ్ళింది. మామ్మగారు పూజ ముగించి వచ్చింది. నైవేద్యానికి అన్నం లేదు కాబట్టి బెల్లం ముక్క పెట్టినట్టుంది, చిన్న గిన్నెలో అదే ఉంది. అమ్మ పళ్ళెం గోడ మీద పెట్టి, కుడిచెయ్యి చాపింది. పెట్టండి మామ్మగారూ అంది. మామ్మగారు ఆ చేతి వైపు చూసింది. ఆవిడ కూడా ఇది అనుకోలేదు. తర్వాత బెల్లం చితిపి, ఒక పలుకు పైనుంచి అమ్మ అరచేతిలో వేసింది. అమ్మ కళ్ళు మూసుకోలేదు, తల పక్కకి తిప్పుకోలేదు, ఆవిడ ముందే నోట్లో వేసుకుని నమిలి మింగింది. మామ్మగారు తన పళ్ళెం తెచ్చింది. అమ్మ మా బియ్యం అందులో పైనుంచి ఒంపింది, పాలు పోసినట్టే, ఎక్కడా చెయ్యి తగలకుండా. ఆ రోజు మధ్యాహ్నం మా తొట్టిలో పడ్డ కడుగు తెల్లగా ఉంది.

అమ్మ బెల్లం తినడం ఎస్తేరమ్మగారి కళ్ళ పడింది. ఎస్తేరమ్మగారు మా స్త్రీల సమాజానికి పెద్ద, గార్డుగారి భార్య, పాల కోసం అప్పుడే మా పెరట్లోకి వచ్చారు. ఆవిడ చెడ్డమనిషి కాదు. మా వరసలో ఏ కాన్పుకైనా కులం అడక్కుండా ముందు పరిగెత్తేది ఆవిడే. కానీ విశ్వాసం విషయంలో సూదిమొన. బెల్లం నోట్లో వేసుకోవడం చూడగానే వెనుదిరిగారు, బియ్యం గోడ దాటడం చూడలేదు. ఆ ఆదివారం అమ్మ గుడ్డసంచి లేకుండా గుడికొచ్చింది, ఆ పై ఆదివారమూ అంతే. గంప ముందు అందరూ సంచులు వంచుతుంటే అమ్మ చేతులు ఊపుకుంటూ నడిచి వచ్చేది. ఎస్తేరమ్మగారు చెప్పారు కాబోలు, చివరికి ఆరాధన అయ్యాక అయ్యగారు అమ్మని ఆపి అడిగారు. ప్రసాదం తిన్నావటమ్మా అంటే, తిన్నానండి అంది. ఎందుకు తిన్నావంటే, పెట్టారు, తిన్నానండి అంది. పిడికెడు బియ్యం ఏమయ్యాయంటే, ఖర్చయ్యాయండి అంది. అంతకు మించి ఒక్క ముక్క పెగల్లేదు. చెబితే మామ్మగారి ఇంట్లో పొయ్యి వెలగలేదని చెప్పాలి, అది ఆవిడ ఇన్నాళ్ళూ నీళ్ళు మోసి మరీ దాచుకున్న సంగతి. నాన్న పక్కనే నిలబడి చెప్పుల వైపు చూస్తున్నాడు.

సంఘం ముందు తప్పు ఒప్పుకునేదాకా దీనమ్మ ప్రభువు బల్లకి దూరంగా ఉండాలని తేల్చారు. మాలో ఆ బల్ల, సంస్కారం అంటాం, నెలకొకసారి. రొట్టె, ద్రాక్షరసం. అమ్మకి అది పండగ కంటే ఎక్కువ. ముందురోజే తలంటుకునేది, ఎవరితోనైనా మాటా మాటా అనుకుని ఉంటే వెళ్ళి సర్దుకుని వచ్చేది, అప్పుడు గానీ బల్ల దగ్గరకి వెళ్ళేది కాదు. అలాంటి మనిషి గుమ్మం దగ్గర చివరి చాప మీద కూర్చుని, అందరూ లేచి ముందుకి వెళ్తుంటే తల దించుకునేది. నా ఒళ్ళు మండిపోయేది. చెప్పెయ్యవే అమ్మా, ఒక్క మాట చెబితే పోతుందిగా అని ఇంటికొచ్చి గొడవ పెట్టేదాన్ని. నాకు బల్ల ఇవాళ కాకపోతే రేపు దొరుకుతుంది, ఆవిడకి పోయిన పరువు మళ్ళీ ఎక్కడ దొరుకుతుందే అనేది. అని, కళ్ళు తుడుచుకునేది. బాధ లేదని నేనెలా రాస్తాను, అమ్మకి ఆ నెలలన్నీ నరకమే. వారం వారం కుండెడు బియ్యం మాత్రం గోడ దాటుతూనే ఉన్నాయి.

ఇప్పుడు మా కోడలు ఫోను తీసి వేలితో నొక్కి ఒక్క క్షణంలో కానుక పంపేస్తుంది. మంచిదే, ఆ డబ్బుతో గుడి లేచింది, నేను తప్పుపట్టను. పిడికెడు బియ్యం ఎవరూ తీయడం లేదు, వండేది కుక్కర్లో, కొలిచేది ప్లాస్టిక్ గ్లాసుతో. నాకు దిగులేసేది వేరే దానికి. మా అపార్టుమెంటులో పక్కింటి తలుపు ఎప్పుడూ వేసే ఉంటుంది. వాళ్ళింట్లో అన్నం వండారో లేదో తెలుసుకునే దారి నాకు ఒక్కటీ లేదు. నేను రోజూ ప్రార్థన చేస్తాను, తప్పకుండా చేస్తాను, కానీ ఎవరి పేరు తలుచుకోవాలో తెలియని రోజులే ఎక్కువ. అమ్మకి ఆ ఇబ్బంది లేదు. ఆవిడ గోడ నడుమెత్తుదే.

సూర్యంగారు కోలుకుని వచ్చి డ్యూటీలో చేరారు. వాళ్ళ పొయ్యి మామూలుగా వెలిగింది, మామ్మగారు మళ్ళీ పాలు పోయించుకుంది. అమ్మ సంచి మళ్ళీ గుడికి వెళ్ళింది. బల్ల సంగతి మాత్రం అలాగే ఉండిపోయింది, ఒప్పుకోమంటే అమ్మ ఒప్పుకోలేదు, చెప్పమంటే చెప్పలేదు. ఒకరోజు పొద్దున్న కుళాయి దగ్గర ఆడవాళ్ళందరూ బిందెలు పెట్టుకుని ఉన్నారు. అమ్మ ఇంకా రాలేదు, నేను వరసలో నిలబడ్డాను. ఎవరో ఎస్తేరమ్మగారిని, దీనమ్మ ఇంకా వెనకే కూర్చుంటోందా, బెల్లమ్ముక్కకి ఆశపడి బల్ల పోగొట్టుకుంది పాపం అన్నారు. కుళాయి మామ్మగారి కిటికీ కిందే. తలుపు తీసుకుని ఆవిడ బయటికొచ్చింది. అందరూ ఉన్న వేళ ఆవిడ కుళాయి దగ్గరకి రావడం నేనెప్పుడూ చూడలేదు. మా బిందెల మధ్యకి, తడి నేల మీదకి వచ్చి నిలబడింది.

"ఎస్తేరమ్మా, మావాడు ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో గింజ లేదు. నేనూ నా మనవరాలూ తిన్నది మీ గుడికని దీనమ్మ తీసిన బియ్యమే. మా ప్రసాదం నువ్వు పుచ్చుకోవు, మీ దేవుడి బియ్యం నేనెలా పుచ్చుకోనని మెలిక పెట్టింది నేను. పసిదాని కోసం దీనమ్మ ఆ బెల్లం తిన్నది. తప్పుంటే నాది, దాన్నెందుకు కూర్చోబెట్టారు?"

కుళాయి కింద బిందె నిండి పొర్లిపోతోంది, కట్టేవాళ్ళు లేరు. ఎస్తేరమ్మగారు బిందె అక్కడే వదిలేసి ఇంటికి వెళ్ళిపోయారు. మామ్మగారు మళ్ళీ తలస్నానం చెయ్యడానికి కాబోలు లోపలికి వెళ్ళింది. ఈ సంగతి తర్వాత వాళ్ళ చుట్టాల దాకా పాకి, క్రైస్తవుల బియ్యం తిన్న ఇల్లని ఆ ఏడు తద్దినానికి రావడానికి ఇద్దరు ముగ్గురు వెనకాడారని విన్నాం. నేను అవేవీ తెలీక, పరుగున ఇంటికెళ్ళి అమ్మకి శుభవార్త చెప్పాను. అందరి ముందూ చెప్పిందా అంది అమ్మ. చేతిలో గరిటె అలాగే ఉంచి పిట్టగోడ దగ్గరకి వెళ్ళి, ఎందుకు చెప్పారండీ మామ్మగారూ, నేనడిగానా అని నిజంగా కోప్పడింది. అవతల నుంచి మామ్మగారి గొంతు, ఊరుకోవే, కూర మాడుతోంది చూసుకో అంది. నిజంగానే మాడింది.

సాయంత్రం అయ్యగారు సైకిలు మీద వచ్చారు. ఎస్తేరమ్మగారు వెళ్ళి చెప్పినట్టున్నారు. నాన్న కుర్చీ వేశాడు, అమ్మ గ్లాసులో మజ్జిగ ఇచ్చి ద్వారబంధం పట్టుకుని నిలబడింది. అయ్యగారికి ఎలా మొదలుపెట్టాలో తెలీలేదు. ఎండల గురించి కాస్త, నాన్న డ్యూటీ గురించి కాస్త మాట్లాడి, ఆ తర్వాత, సంగతంతా తెలిసిందమ్మా, నువ్వు ఒప్పుకోవాల్సిందేమీ లేదు, ఈ ఆదివారం బల్లకి రా అన్నారు. నేను సంతోషం పట్టలేక తమ్ముడి చెయ్యి గట్టిగా నొక్కాను. అమ్మ తల ఎత్తింది.

"వస్తానండి అయ్యగారూ. కానీ ఒక్క మాట తెలిసే పిలవండి. ఆ పిల్ల మళ్ళీ ఆకలితో ఏడిస్తే, నేను మళ్ళీ తింటాను."

నాన్న గభాలున అమ్మ వైపు చూశాడు. గోడ అవతల లలిత దేనికో కిలకిలా నవ్వుతోంది. అయ్యగారు మజ్జిగ తాగేసి, గ్లాసు అమ్మ చేతికిచ్చి, ఆదివారం చివర కూర్చోకుండా పెందలాడే వచ్చి ముందు చాప మీద కూర్చోమని చెప్పి, సైకిలెక్కి వెళ్ళిపోయారు.